గుడ్డగోడ

సెమిలిగుడ దాటాక, వలిసెలు కోసేసిన మెట్టచేలో
మాఘమాసం పొద్దున్నే గుడ్డ పరిచాం.
ఇరవై ఆరు చదరపు మీటర్లు.
జయపురంలో నా కొట్టుని గోడలతో సహా విప్పి ఆరేసినా
అంత రాదు.

దీని చిరుగు కుట్టింది నేనే.
కూలి అడిగితే పాత్రో గారు
డబ్బులూ ఇచ్చారు, మీద కొసరుగా ఒక పాఠం ఇస్తానన్నారు.
నలభై ఏడేళ్ళదానివి, ఎగరడం ఎందుకే అని
మా ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంది.
ఎగరడం కాదమ్మా, నేలమీదే, అన్నాను.
నేలమీదే అయితే హెల్మెట్ ఎందుకంది.

వీపు గాలికి, ముఖం గుడ్డకి.
పట్టీలు ఛాతీ ముందు కత్తెర వేసుకున్నాయి.
"లాగకండి దీదీ. అడగండి.
అడిగితే గాలే ఇస్తుంది."
ముందుతాళ్ళు జానెడు లేపానో లేదో
అంచు నోరు తెరిచింది,
అరలన్నీ వరసగా గుటకలేశాయి,
నా ఎదురుగా నడుమెత్తు ఎర్రగోడ
వణుకుతూ నిలబడింది.
దుప్పటి మడతపెట్టడానికి
చెరో కొసా పట్టుకున్నట్టే ఉంది;
అవతలి కొస ఎవరిదో మాత్రం కనబడలేదు.

నా వెనక జామాయిల్ చెట్లు తెల్లబడ్డాయట.
వీపుకి కళ్ళుండవు కదా.
మేకల మధ్యనుంచి సోమ్రా చూశాడు,
"పబన్! పబన్!" అని అరిచాడు.
నేను రెండు బ్రేకులూ బిగించి పట్టుకున్నాను.
సరిగ్గా చెయ్యకూడనిది అదేనట.
గాలికి పోయే కంపని తగిలించుకోవడమంటే
సామెత అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.
ముప్పై అడుగులు, మోకాళ్ళమీద,
వలిసె మోళ్ళు నా చుడీదారుని
కొలత లేకుండా కత్తిరించాయి.
"దాని వైపు పరుగెత్తండి! ఎదురు తన్నకండి, దాని వైపే!"

లాక్కెళ్ళేదాని వైపే పరుగెత్తమని
నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు.
ఎవరు లాగినా మడమలు తన్నిపెట్టి
ఇంతవరకూ వచ్చినదాన్ని.

రెండోసారి ఒక పక్కకి ఒరిగి ముడతపడింది.
మూడోసారి తాళ్ళలో మేక దూరింది.
మేకని విడదీయడానికి పావుగంట,
సోమ్రా నవ్వు ఆగడానికి ఇంకో పావుగంట.

మిషన్‌లో దారం బిగువు ఇంత అని ఎవరికీ చెప్పలేను.
బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే ఉచ్చులు పడుతుంది,
మధ్యలో ఎక్కడో చూపుడువేలికి తెలుస్తుంది.
ఇక్కడ ఆ వేలు నడుములో ఉంది.
గాలి విసిరినప్పుడు ఒకడుగు దానికిచ్చాను,
తగ్గినప్పుడు అరడుగు వెనక్కి తీసుకున్నాను.
బేరం కుదిరినట్టుంది.
గోడ పైకప్పయింది.

తలెత్తితే నెత్తిమీద
పొద్దు పట్టి వెలుగుతున్న అరలు.
ఎడమ చెక్క, పదకొండో అర:
నా అతుకు, అరచేతంత, కాస్త ముదురు ఎరుపు.
మూడు వరసల జిగ్‌జాగ్.
రెండో వరస చివర వంకర.
ఆ సాయంత్రం కరెంటు పోయింది,
ఎవరు చూస్తారులే అనుకున్నాను.
చూడ్డానికి నేనే వచ్చాను.

ఎంతసేపు? పాత్రో గారు ఇరవై అంకెలన్నారు.
నేను లెక్కపెట్టలేదు,
బొటనవేళ్ళు రెండూ మట్టిలో ఉన్నాయో లేదో
చూసుకోవడంలోనే ఉన్నాను.
ఉన్నాయి. కానీ బరువు వాటిమీద లేదు.

మళ్ళీ విసురు.
ఈసారి సోమ్రా అరవకముందే
నా కాళ్ళు గుడ్డ వైపు పరుగెత్తాయి.
అది ఉస్సురని కూలబడింది,
ఒడిలో పడుకోబోయే పిల్లలా కాస్త గింజుకుని.

మడతపెడుతుంటే అరల్లోంచి
నల్లటి వలిసెగింజలు జలజలా రాలాయి.
దేవమాలి మీద మబ్బు లేదు.
మోకాలి నెత్తురు అప్పటికే ఆరింది.

"పాత్రో గారూ, గుడ్డ నా దగ్గరే ఉంచండి.
రెండో వరస విప్పి మళ్ళీ కుట్టాలి."
"బాగానే ఉంది కదా దీదీ, ఎవరికి కనిపిస్తుంది?"

నేను ఆయనకేసి చూశాను.
సంచి ఎత్తి నా బండిమీద పెట్టారు.